డాబా మీదే

గుంటూరు,
ఫిబ్రవరి 3.

ప్రియమైన తమ్ముడు బుల్లయ్యకు,

అక్క కోటిరత్నం దీవించి రాస్తున్నది. నేనూ మీ బావా బాగానే ఉన్నాం. బాగానే అంటే ఒంట్లో. మిగతాది చదువు.

ఫోను చేస్తే నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు, నేను అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంటాను. మెసేజి పెడదామంటే నీ మీటల ఫోనులో తెలుగు అక్షరాలు పెట్టెల్లాగా కనిపిస్తాయంటివి. అందుకే కాగితం పట్టుకున్నాను.

పోయిన బుధవారం పాలు పొంగించి ఫ్లాటులోకి వచ్చేశాం. నాలుగో అంతస్తు, అదే ఆఖరుది. లిఫ్టు ఆగిపోతే మోకాళ్ళు పట్టేస్తాయని మీ బావ మొదటి అంతస్తు అడగమన్నాడు. నేనే వినలేదు. నెత్తి మీదే డాబా ఉంటే కాయలు ఎక్కించుకోవడం తేలికని ఆఖరుది తీసుకున్నాను. తీరా చూస్తే డాబా మెట్ల దగ్గర ఇనప గేటు, దానికి నా అరచెయ్యంత తాళం.

నీకు తెలిసిన సంగతే మళ్ళీ రాస్తున్నాను, ఎందుకంటే రేపు నలుగురిలో నువ్వు చెప్పాల్సి వస్తుంది. మా సందులో చెడ్డీలు వేసుకు తిరిగిన రామకాంత్ బిల్డరయ్యాడు. మా పెంకుటిల్లూ, వెనక మిరపకాయలు ఎండబోసే కల్లమూ వాడికి ఇవ్వాలి. వాడు కట్టిన అపార్టుమెంటులో మాకు ఒక ఫ్లాటు ఇవ్వాలి. ధరలో తేడా మేం కట్టాలి. కట్టాం. ఇల్లు వాడి పేర రిజిస్టరు చేశాం. కల్లం మాత్రం ఫ్లాటులో అన్నీ సరిగ్గా అప్పజెప్పాక చేస్తామన్నాం. ఆ ఒక్క తెలివి మీ బావది. ఆయనకి అది ఎట్లా తట్టిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

మాట అనుకున్న రోజు నువ్వు మా అరుగు మీద కూర్చుని వక్క కొరుకుతున్నావు. నేను, "అంతా బాగానే ఉందిగానీ రామకాంతూ, నా కాయల సంగతేమిట్రా?" అన్నాను. వాడు నవ్వి "డాబా మీదే పిన్నీ, ఇంకేం కావాలి?" అన్నాడు. గుర్తుందిగా? ఆ ఒక్క మాట మీదే నేను తల ఊపాను. మిర్చి యార్డు నుంచి తెచ్చిన కాయ ఎంత ఎండినదైనా మరకి పంపే ముందు మళ్ళీ ఎండాలి. ఎండ లేకపోతే నా కారం వ్యాపారం లేదు. కారం లేకపోతే నేను ఆ ఫ్లాటులో కూర్చుని గోడలు చూడాలి.

నిన్న వాణ్ణి పట్టుకున్నాను.

"తాళం చెవి ఇవ్వరా."

"ఏ తాళం పిన్నీ?"

"డాబాది."

"డాబా నీదెందుకవుతుంది పిన్నీ? నీది ఫ్లాటు. పైన గది కడుతున్నాను, వేరే పార్టీకి మాటిచ్చాను. నువ్వు ఏసీ వేసుకుని హాయిగా పడుకో."

వాడి ఏసీ తగలబడ. నువ్వొక్కడివే సాక్షివి. వచ్చి చెప్పు.

నీ అక్క,
కోటిరత్నం


పొదిలి,
ఫిబ్రవరి 9.

ప్రియమైన అక్కకు,

బుల్లయ్య నమస్కరించి రాసేది. ఇక్కడ అందరం కులాసా. మీ మేనల్లుడు చైతన్యకృష్ణ నా చెవికి మిషను కొనిచ్చాడు. పెట్టుకుంటే ట్రాక్టరు, కోళ్ళు, నీ మరదలు, మూడూ ఒకే మోతలో వినపడుతున్నాయి. అరచెయ్యి దగ్గరికి తెచ్చినా, ఫోను ఆనించినా ఈల వేస్తుంది. మొన్న బస్సులో ఈలేస్తే డ్రైవరు బస్సాపాడు. తీసి డబ్బాలో పడేశాను.

కాయ కోత అయిపోయింది. ఈ ఏడు వ్యాపారులకి ఇవ్వకుండా నీకే పంపుతున్నాను, ఆరు టిక్కీలు. చివరి వారం మంచు పడింది, కాయ ఇంకా మెత్తగానే ఉంది. లారీ దిగీ దిగగానే ఎండకి వెయ్యి. టిక్కీ గోతాల్లోనే ఉంచితే తెల్లబడి తాలుకాయ కింద పోతుంది.

ఇక నువ్వు రాసిన సంగతి. వాడన్న మాట నాకు గుర్తుంది. అప్పటికి నా ఎడమ చెవి బాగానే ఉంది. "డాబా మీదే" అన్నాడు. అది నిజం. కానీ అక్కా, నీ ఉత్తరం చదువుతుంటే ఒక సందేహం వచ్చింది. కాయల సంగతేమిటని నువ్వడిగావు. డాబా మీదే అన్నాడు. అంటే ఎండబోసుకునేది డాబా పైన అని కదా? ఆ రోజు అరుగు మీద నేను అట్లాగే అనుకున్నాను. డాబా మొత్తం నీకు రాసిస్తానన్నాడని నేను అనుకోలేదు.

వాణ్ణి నేను వెనకేసుకు రావడం లేదు. నన్ను నలుగురిలో నిలబెడితే ఏం చెప్పాలో ముందే నీకు చెబుతున్నాను.

బావకి నమస్కారాలు.

నీ తమ్ముడు,
బుల్లయ్య


గుంటూరు,
ఫిబ్రవరి 15.

బుల్లయ్యకు,

ప్రియమైన అని రాయబోయి కొట్టేశాను. కాగితం మీద గీత కనిపిస్తుంది చూడు.

నీ కాయ వచ్చింది. ఆరు టిక్కీలూ హాల్లో సోఫా పక్కన ఉన్నాయి. కిటికీలు తెరిస్తే ఘాటు రెండో అంతస్తు దాకా పోతోందని, అక్కడుండే నర్సు హెలెన్ పైకొచ్చి మాస్కు కట్టుకుని మరీ పోట్లాడింది. కిటికీలు మూస్తే మీ బావ దగ్గుతున్నాడు. జానీబీ వచ్చి తొడిమలు తీస్తోంది. పాత సందులో ఎట్లా తీసేదో అట్లాగే, కాకపోతే టైల్సు మీద కూర్చుని. ఒక కాయ తుంచి చూసి, "అక్కా, ఇది విరగట్లేదు, వంగుతోంది" అంది. నాకు తెలియదా?

బాల్కనీలో పట్టా పరిచాను. ఎండ ఎంతసేపు ఉంటుందనుకున్నావు? నేను కాఫీ కలుపుకుని వచ్చేసరికి ఎదురు బిల్డింగు నీడ పడిపోతోంది.

ఇంకో సంగతి విను. నిన్న గొడవకని వాడి సైటు ఆఫీసుకి వెళ్ళాను. లోపలికి అడుగుపెట్టబోతుంటే గడప నా కాలికి తెలిసింది. మా పెంకుటింటి ద్వారబంధం! మా మామగారు చెక్కించిన టేకు ద్వారబంధం, పసుపు రాసీ రాసీ కింది చెక్క పచ్చబడిపోయింది, అదే. ఊడదీసి వాడి ఆఫీసుకి పెట్టుకున్నాడు.

"ఇదేమిట్రా?" అన్నాను.

"ఇల్లు ఇచ్చావుగా పిన్నీ. ద్వారబంధం ఇల్లు కాదా? చూడు, పారెయ్యకుండా ఎంత గౌరవంగా పెట్టానో!"

గోడలు మట్టివని, పెంకులు పాతవని మా ఇంటి ధర కోసినప్పుడు ఈ ద్వారబంధం వాడికి కనపడలేదు. ఇప్పుడు గౌరవం కనపడింది. నేను గడప దాటకుండానే తిరిగొచ్చాను. నా గడప దాటి వాడి దగ్గరికి నేను పోవడమేమిటి?

ఇంతలో నీ ఉత్తరం. డాబా పైన అని కదా అంటావా? మీదే అంటే మనది అని కాదా? "ఈ ఇల్లెవరిది?" అంటే "మీదే" అనరా? పుట్టి బుద్ధెరిగి ఆ మాట వినలేదా? కోర్టులో ప్లీడరు అడగాల్సిన ప్రశ్న తోడబుట్టినవాడివి నువ్వు అడుగుతున్నావు. నీ కాయ కూడా పాడవుతోందని అయినా నీకు రోషం రాదా?

కోటిరత్నం


పొదిలి,
ఫిబ్రవరి 21.

ప్రియమైన అక్కకు,

నేను ప్రియమైన అనే రాస్తాను. గీత కొట్టింది చూశాను. బాగా గట్టిగానే కొట్టావు, కాగితం చిరిగింది.

ద్వారబంధం సంగతి చదివి నాకూ కడుపు మండింది. చిన్నప్పుడు సెలవులకొస్తే ఆ గడప మీద కూర్చోవద్దని మీ మామగారు నన్ను కసిరేవాడు. ఇప్పుడు వాడు దాని మీద బూట్లు రుద్దుకుంటున్నాడు.

కానీ నీకు రోషం, నాకు చెవి. రామకాంత్ నిన్ను ఎప్పుడైనా మీరు అన్నాడా? చిన్నప్పటి నుంచీ పిన్నీ నువ్వు, పిన్నీ నీకు. నీ మొదటి ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. "డాబా నీదెందుకవుతుంది" అన్నాడని నువ్వే రాశావు. నీది అనేవాడు ఆ ఒక్క రోజూ మీది అని ఎందుకంటాడు? డాబా నీకిచ్చేవాడైతే "డాబా నీదే పిన్నీ" అనేవాడు. మీదే అన్నాడంటే పైన అనే. నువ్వు ఆశతో ఉన్నావు, నీ చెవికి అట్లా వినపడింది.

కోప్పడకుండా ఒక పని చెయ్యి. ఆ మాటకి అర్థమేమిటని వాణ్ణే అడుగు. నువ్వు అనుకున్నది కాదు, నేను అనుకున్నది కాదు. వాడు ఏమంటున్నాడో ఉన్నదున్నట్టు నాకు రాయి.

నా కాయ గురించి బెంగ పెట్టుకోకు. పోతే పోతుంది. దాని కోసం మాత్రం నేను వినని మాట విన్నానని చెప్పను.

నీ తమ్ముడు,
బుల్లయ్య


గుంటూరు,
ఫిబ్రవరి 28.

బుల్లయ్య గారికి,

నేను, మీ బావ కలిస్తే మీరు. ఇల్లు ఇద్దరిదీ, ఇచ్చింది ఇద్దరం. అందుకని మీదే అన్నాడు. ఐదో క్లాసుతో ఆపేసిన నాకు తెలిసిన ఈ ముక్క పది తప్పిన మీకు తెలియలేదు.

అడగమన్నారు కాబట్టి అడిగాను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఏరా, డాబా మీదే అన్నావా లేదా?"

"అన్నాను పిన్నీ."

"అంటే?"

"అంటే డాబా పైన అని. పైన ఎండబోసుకోవచ్చు అని. నీ సొంతం అని కాదు. కావాలంటే బుల్లయ్య మామని పిలిపించు, ఆయనా ఉన్నాడుగా. నేను తప్పని ఆయన అంటే డాబా నీ పేరే రాస్తాను. కాదంటే ఇంక నోరెత్తకుండా కల్లం మీద సంతకం పెట్టు."

మీ బావ పక్కనే ఉండి "సరే" అన్నాడు. ఆయన జీవితంలో త్వరగా అన్న మాట అదొక్కటే.

వచ్చే ఆదివారం పొద్దున కింద పార్కింగులో కూర్చుంటున్నారు. అసోసియేషను ప్రెసిడెంటు హయాత్ గారు పెద్దమనిషిగా ఉంటారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. ఆయనంటే అందరికీ గురి.

వాడు మిమ్మల్ని అంత ధైర్యంగా సాక్షిగా పిలుస్తున్నాడంటే మీరు ఏం చెబుతారో వాడికి ముందే తెలుసన్నమాట. మీరు రాకపోతే సంతోషం. ఊళ్ళో లేడని చెబుతాను. వస్తే మాత్రం తోడబుట్టినవాడిలా రండి. సాక్షిలా రావద్దు.

రెండు టిక్కీల్లో కాయ తెల్లబడింది.

కోటిరత్నం


పొదిలి,
మార్చి 6.

ప్రియమైన అక్కకు,

రావద్దన్నా వచ్చాను. వాడు అన్నదే నేనూ విన్నానని చెప్పాను. అంతకంటే ఏం చేసేది? రామకాంత్ నా భుజం తట్టాడు. నువ్వు నా ముందుకొచ్చి చేతులు ఊపుతూ చాలాసేపు మాట్లాడావు. చెవుడు కదా, ఒక్క ముక్క వినపడలేదు. మంచివి అయి ఉండవని మాత్రం నీ మొహం చూస్తే తెలిసింది. అన్నం తిని పొమ్మని బావ చెయ్యి పట్టుకున్నాడు. పొదిలి బస్సు తప్పితే మళ్ళీ చాలాసేపు లేదని వచ్చేశాను.

హయాత్ గారు మాటలు తూకం వేసే మనిషిలా ఉన్నాడు. ఆయన ఆ తర్వాత ఏమన్నాడో రాయి.

కాయ డాబా ఎక్కకపోతే మిగిలిన నాలుగు టిక్కీలూ లారీకెత్తి వెనక్కి పంపు. ఇక్కడ పొలంలో ఎండ బోలెడుంది.

నీ తమ్ముడు,
బుల్లయ్య


గుంటూరు,
మార్చి 17.

ప్రియమైన తమ్ముడు బుల్లయ్యకు,

ఈసారి కొట్టెయ్యలేదు.

నువ్వెళ్ళాక జరిగింది రాస్తాను. ముందు నువ్వుండగా జరిగింది రాస్తాను. నువ్వున్నావు కదా అంటావేమో. నువ్వు చేసిందే నాకప్పుడు అర్థం కాలేదు.

వాడు, "బుల్లయ్య మామా, నేనేమన్నానో చెప్పు" అన్నాడు. నువ్వు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ముందు నువ్వు చెప్పు. నేను విన్నదీ అదీ ఒకటో కాదో చూస్తాను" అన్నావు.

"డాబా మీదే అన్నాను."

"ఆఁ?"

"డాబా మీద! పైన! ఎండబోసుకోమన్నాను!"

"ఎవరిని? మా అక్కొక్కదాన్నేనా?"

"అందరినీ మామా! ఎవరేం ఎండబెట్టుకున్నా డాబా మీదే!"

"గట్టిగా చెప్పరా, నాకు చెవుడు."

"డాబా అందరిదీ! ఏ ఒక్కరి సొంతమూ కాదు!"

వాడి అరుపుకి కారు కింద పడుకున్న కుక్క లేచి పోయింది. బాల్కనీల్లోకి జనం వచ్చారు. అప్పుడు నువ్వు, "అదే. నేను విన్నదీ అదే" అని చేతులు దులుపుకున్నావు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలో నేనేమన్నానో ఇక్కడ రాయను.

నువ్వు గేటు దాటావు. వాడు పెన్ను తీసి, "ఇంక సంతకం పెట్టు పిన్నీ" అన్నాడు. నేను పెన్ను పట్టుకున్నాను కూడా. అప్పుడు హయాత్ గారు నెమ్మదిగా, "ఒక్క నిమిషం. రామకాంత్ గారూ, డాబా ఏ ఒక్కరి సొంతమూ కాదన్నారు, అందరం విన్నాం. మరి పైన కడుతున్న గది ఎవరిదండీ?" అన్నారు.

వాడు "అది... పార్టీకి..." అన్నాడు.

రెండో అంతస్తు బాల్కనీ నుంచి హెలెన్ అందుకుంది, నా కాయల ఘాటుకి మాస్కు కట్టుకొచ్చిందే, ఆవిడే. "బట్టలు ఆరేసుకోవచ్చని నాకూ చెప్పారు. మరి తాళం ఎందుకేశారు?" అంది. ఇంకొకాయన వాటర్ ట్యాంకు చూసుకోవడానికి కూడా పైకి పోనివ్వలేదన్నాడు. పార్కింగు చేపల మార్కెట్టయింది. నా డాబా గొడవ కాస్తా అందరి డాబా గొడవయింది. నాది అని నేనొక్కదాన్నీ అరిచినన్నాళ్ళు ఒక్కడూ రాలేదు. అందరిదీ అని వాడే అరిచేసరికి అందరూ వచ్చారు.

మీ బావ వచ్చి నా చేతిలో పెన్ను తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. రామకాంత్ పెన్ను అది. ఇంకా ఇవ్వలేదు.

వారం గింజుకున్నాడు. పార్టీతో మాటైపోయిందన్నాడు. "అది మీరూ, ఆయనా చూసుకోండి" అన్నారు హయాత్ గారు. చివరికి పైన దింపిన ఇటుకలు వాడి మనుషులే కిందికి మోశారు. తాళం చెవి ఒకటి హయాత్ గారింట్లో, ఒకటి నా దగ్గర. తూర్పు వైపు సగంలోనే కాయలు పోయాలి, గాలి హెలెన్ వైపు తిరిగితే పైన గుడ్డ కప్పాలి. ఒప్పుకున్నాను. నాదే అయి ఉంటే ఎవరి గాలి ఎటు తిరిగితే నాకేం? కాదు కాబట్టి ఒప్పుకున్నాను. సంతోషంగా మాత్రం కాదు.

నాలుగు టిక్కీలు దక్కాయి, రెండు పోయాయి. ఆ రెండూ తలుచుకుంటే వాడి మీద మళ్ళీ మండుతోంది. కల్లం సంతకం ఇంకా పెట్టలేదు. డాబా ఇచ్చానుగా అంటున్నాడు. "నా ద్వారబంధం తెచ్చి నా గుమ్మానికి పెట్టు, అప్పుడు చూద్దాం" అన్నాను. ఫ్లాటు గుమ్మానికి అది పట్టదట. పట్టకపోతే గోడకి ఆనించమన్నాను.

ఇంకొకటి. నిన్న డాబా మీద కాయలు తిరగేస్తూ జానీబీ తనలో తను నవ్వుకుంటోంది. ఏమిటే అన్నాను. "అక్కా, ఆ రోజు మీ తమ్ముడు 'ఆఁ' అని చెవి దగ్గర చెయ్యి పెట్టినప్పుడు ఈలొచ్చింది, విన్లేదా? నేను పక్కనే నిలబడ్డాను. చెవిలో తెల్ల మిషను!" అంది.

ఈల నేనూ విన్నాను. ఎవరింట్లోనో కుక్కరనుకున్నాను.

అంటే నేనన్నవన్నీ నువ్వు విన్నావు. విని, వినపడలేదని ఉత్తరం రాశావు. రాయి, నీకు తగిన పనే. అన్నవి వెనక్కి తీసుకోను. ముందుగా నాకొక్క ముక్క చెబితే నేను అంత తిట్టేదాన్ని కాదు. నాకు ముందే తెలిసి ఉంటే నా మొహం చూసి వాడు అనుమానపడేవాడు, అంత ధైర్యంగా అరిచేవాడు కాదంటాడు మీ బావ. ఆయన ఈ మధ్య ఎక్కువ మాట్లాడుతున్నాడు.

పార్సిల్లో కారం పంపుతున్నాను. కాయ నీదే. ఎండింది డాబా మీదే. ఈసారి ఎట్లా చదువుకుంటావో నీ ఇష్టం.

నీ అక్క,
కోటిరత్నం